నీ కథ ఎక్కడిదని అడిగితే

ప్రియమైన అమ్మడికి,

ఆశీస్సులు. వచ్చే నెల నలుగురు ప్రేమకథా రచయితల్ని ఒకే వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారని, ఆ నలుగురిలో నువ్వూ ఉన్నావని చదివి చాలా సంతోషించాను. ఆ వెంటనే నీ టెన్షన్ కూడా రాశావు. "స్ఫూర్తి ఎక్కడినుంచి వచ్చింది అని అడుగుతారు పెద్దమ్మా, నాకే సరిగ్గా తెలియదు, ఏం చెప్పను?" అని. ఇది ఫోన్లో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్న సంగతే చూద్దాం. అడిగేవాళ్లకి నీ జీవిత చరిత్ర అక్కర్లేదు. నీ పుస్తకంలో ఏదో ఒక చోట వాళ్ల మనసు చిక్కుకుపోయింది. అది రాసేటప్పుడు నీ మనసు కూడా అలాగే కదిలిందా, లేక ఊరికే అల్లేశావా అన్నది వాళ్లకి తెలియాలి. అందుకే "జీవితమే నా స్ఫూర్తి", "ప్రేమ మీద నాకు నమ్మకం" లాంటి జవాబులు చెప్పకు. అందులో అబద్ధం లేదు గానీ, విన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లడానికి ఏమీ మిగలదు. ఒక్కటంటే ఒక్క చిన్న సంగతి చెప్పు. కళ్లారా చూసిందో, చెవులారా విన్నదో.

నా అనుభవమే చెప్తాను. ఒకసారి రైలు కోసం కూర్చుని ఉన్నాను. ఎదురు బెంచీ మీద పెద్దవయసు దంపతులు. ఆవిడ ఆయన్ని తిడుతోంది, గుక్క తిప్పుకోకుండా. ఆయన జవాబివ్వడం లేదు. ఉన్నట్టుండి చెయ్యి చాపి ఆవిడ కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు, రెండోదీ తుడిచాడు, మళ్లీ ఆవిడ చెవుల వెనక జాగ్రత్తగా సర్దాడు. అంతసేపూ ఆవిడ తిట్లు ఆగలేదు. కానీ ఆయన చెయ్యి దగ్గరికి రాగానే, మాట మధ్యలోనే, తల కాస్త ముందుకు వంచింది.

నా నవల ఆ వంచిన తల దగ్గర పుట్టింది. నోటుబుక్కులో ఆ దృశ్యం రాసుకుని, కింద ఒక ప్రశ్న రాశాను: కోపం కోపంగానే ఉండగా తల వంచేంత చనువు ఇద్దరి మధ్య ఎలా వస్తుంది? జవాబు వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, ఒకరి మాట ఒకరికి పడని ఒక కుర్రాడూ ఒక అమ్మాయీ దొరికారు. నవలలో రైలు లేదు, కళ్లజోడు లేదు, ఆ దంపతులూ లేరు. కానీ పాఠకులు అడిగినప్పుడల్లా నేను చెప్పేది కళ్లజోడు సంగతే. అది చెప్పగానే ఎవరో ఒకరు లేచి, "మా నాన్న కూడా..." అని మొదలుపెడతారు. ఇక అక్కడినుంచి నేను పెద్దగా మాట్లాడనక్కర్లేదు.

నువ్వూ ఇలాగే రాసుకోవడం అలవాటు చేసుకో. ఎంత అందంగా ఉందో రాసుకుంటే తర్వాత పనికిరాదు. చేతులు ఏం చేశాయి, ఎవరు ఎటు చూశారు, ఏ మాట దగ్గర ఆగిపోయారు, అవి రాసుకో. కింద ఒక ప్రశ్న రాయి. ప్రశ్న పుట్టకపోతే ఆ పేజీని అలాగే వదిలెయ్యి. అది వర్ణనకి పనికొస్తే వస్తుంది, కథ మాత్రం కాదు.

ఇంకో సంగతి. స్ఫూర్తి అనేది రాయడానికి ముందే వచ్చి తీరాలని అనుకుంటున్నావేమో. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ సంగతి చూడు. 'పర్సుయేషన్' నవల చివర 1816 జూలై 18 తేదీ వేసి ముగించేసింది. కానీ ఆ ముగింపు ఆవిడకి నచ్చలేదు. నాయకుడు ఇంకెవరి మాటనో మోసుకుని నాయిక దగ్గరికి రావడం, ఆ గందరగోళంలో ఇద్దరి మనసులూ బయటపడటం, అదీ మొదటి ముగింపు. దాన్ని పక్కనపెట్టి మళ్లీ రాసింది. ఆగస్టు 6కి పూర్తయిన కొత్త ముగింపులో నాయిక ఇంకొకరితో స్త్రీల ప్రేమ ఎంత నిలకడైనదో మాట్లాడుతుంటే, అదే గదిలో బల్ల దగ్గర కూర్చున్న నాయకుడు విని, నోటితో చెప్పలేక, అక్కడికక్కడే ఉత్తరం రాస్తాడు. ఇన్నేళ్లుగా పాఠకులు ప్రాణంగా చదువుకుంటున్నది ఆ ఉత్తరాన్నే. అది మొదటి ప్రతిలో లేనే లేదు. కొట్టేసిన ఆ కాగితాలు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కాబట్టి నీ పుస్తకంలో అందరికీ నచ్చిన ఆ మేడమీది సన్నివేశం మూడోసారి తిరగరాసేటప్పుడు పుట్టిందని చెప్పడానికి మొహమాటపడకు. కొత్తగా రాసేవాళ్లు ఆ హాల్లో ఉంటారు, వాళ్లకి ఆ మాట చాలా ధైర్యం ఇస్తుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాను. నీ నవలలో సగం నీ స్నేహితురాలి కథ అని నాకు తెలుసు. వేదిక మీద ఆ మాట రానివ్వకు, పేరు లేకుండా కూడా. "నాకు తెలిసిన ఒకమ్మాయి" అన్నా సరే, ఆ అమ్మాయిని ఎరిగినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. నువ్వు కథ రాసుకుంటానంటే ఆమె ఒప్పుకుంది, సరే. జనం ముందు తన సంగతి చెప్పుకోవడానికి ఒప్పుకోలేదు కదా? ఈ రెండూ వేరు వేరు అనుమతులు. ఇకముందు ఎవరి జీవితంలోంచైనా తీసుకునేటప్పుడు పేరూ ఉద్యోగమూ మార్చి ఊరుకోకు. విడిపోవడానికి కారణమే మార్చెయ్యి. కారణం మారితే మనుషులు మారిపోతారు, అప్పుడు ఆ కథ నీదవుతుంది. "హీరో మీ ఆయనేనా?" అని కూడా తప్పకుండా అడుగుతారు. నవ్వి, "ఆయన్ని ఇంట్లోనే ఉంచుకుంటానండీ, పుస్తకంలోకి రానివ్వను" అను. ఎవరూ నొచ్చుకోరు, ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

తక్కిన ముగ్గురి పుస్తకాలూ తెప్పించుకుని చదువు. కనీసం ఒక్కొక్కరిదీ ఒకటి. వాళ్లు మాట్లాడేటప్పుడు నీ వంతులో ఏం చెప్పాలా అని లోపల లెక్కలు వేసుకుంటూ కూర్చోకు. నిజంగా విను, విన్నదాన్ని పట్టుకుని ఒక ప్రశ్న అడుగు. "మీ నాయిక ఆ ఉత్తరం చదవకుండానే ఎందుకు దాచుకుంది?" అని ఒక రచయిత ఇంకో రచయితని అడిగినప్పుడు వచ్చే జవాబు, సభ నడిపేవాళ్లు అడిగితే రాదు. అలాంటి చర్చలో పాఠకులకి వర్క్‌షాప్ లోపలికి తొంగిచూసినట్టుంటుంది.

"ఇవన్నీ టైంపాస్ కథలే కదా, చివరికి ఇద్దరూ కలుస్తారని ముందే తెలుసు కదా" అని కూడా ఎవరో ఒకరు అంటారు. కోపం తెచ్చుకోకు, సంజాయిషీ కూడా ఇవ్వకు. కలుస్తారని తెలుసు, నిజమే. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం ఈ సాహిత్యానికి రెండే లక్షణాలు చెప్పింది: కథకి ప్రేమే కేంద్రంగా ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినీ ఆశనీ ఇవ్వాలి. ఆ రెండోది పాఠకులకి మనం ఇచ్చే మాట. ఆ మాట ఉండబట్టే వాళ్లు భయం లేకుండా అవమానాల్లోకీ, ఎడబాటులోకీ, పంతాల్లోకీ మన వెంట వస్తారు. ముగింపు తెలిసిన మనిషిని మూడు వందల పేజీలు కూర్చోబెట్టాలంటే ప్రతి పేజీలోనూ మనుషులు నిజంగా ఉండాలి. అది తేలిక పని కాదని నెమ్మదిగా చెప్పు. అంతకుమించి వాదించకు.

ఇప్పుడు పాఠకుల సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

మళ్లీ ఆస్టిన్ దగ్గరికే వెళ్తాను. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్', 'ఎమ్మా' వచ్చాక ఇంట్లోవాళ్లూ తెలిసినవాళ్లూ ఏమన్నారో ఆవిడ ఎవరి పేరు వాళ్లకి పెట్టి కాగితాల మీద రాసి పెట్టుకుంది. మెచ్చుకోళ్లతో పాటు నచ్చలేదన్నవాళ్ల మాటలూ రాసుకుంది. కన్నతల్లే 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నాయిక చప్పగా ఉందని అంటే అదీ రాసుకుంది. పక్కన సమాధానాలు రాయలేదు, సమర్థించుకోలేదు. నువ్వూ అలాగే ఒక పుస్తకం పెట్టుకో. ఉత్తరమైనా మెసేజైనా ఎదురుగా అన్నమాటైనా, వాళ్ల మాటల్లోనే రాసుకో. సమీక్షల కింద మాత్రం నువ్వు వెళ్లి జవాబు రాయకు, ఎంత అన్యాయంగా అనిపించినా సరే. అది పాఠకులు తమలో తాము మాట్లాడుకునే చోటు. రచయిత అడుగుపెట్టగానే వాళ్లు నిజం చెప్పడం మానేస్తారు.

పాఠకులు చెప్పినవన్నీ చెయ్యాలా అని అడిగావు. చెయ్యనక్కర్లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో శామ్యూల్ రిచర్డ్‌సన్ 'క్లారిస్సా' నవలని సంపుటాలుగా విడుదల చేస్తున్నప్పుడు, విషాదాంతం అవుతుందని విని లేడీ బ్రాడ్‌షే అనే పాఠకురాలు మారుపేరుతో ఉత్తరాలు రాసింది, ఆ అమ్మాయిని చంపొద్దని, కథ సుఖాంతం చెయ్యమని. ఆయన మార్చలేదు. కానీ ఆమె ఉత్తరాలకి ఓపిగ్గా, వివరంగా జవాబులు రాశాడు. వాళ్ల మధ్య స్నేహం ఏళ్ల తరబడి సాగింది. అడిగింది ఇవ్వకపోయినా పాఠకురాలు దూరం కాలేదు. ఆమె బాధని ఆయన తేలిగ్గా తీసుకోలేదు మరి.

నా లెక్కలో అయితే పాఠకులు నొప్పి ఎక్కడుందో సరిగ్గా చూపిస్తారు, మందు మాత్రం మనమే వెతుక్కోవాలి. నీ రెండో నవల ప్రతి చదివి నీ స్నేహితురాలు ఏమంది? "అంత తొందరగా క్షమించేసిందేంటి, ఇంకో రెండు నెలలు ఏడిపించాల్సింది" అంది. నువ్వు అలాగే రెండు నెలలు, రెండు అధ్యాయాలు పెంచావు. కథ సాగిందే తప్ప బాగుపడలేదని నువ్వే రాశావు. ఆ భాగం మళ్లీ చదువు. అతను ఆమెని అవమానించింది ఇంటిల్లిపాది ముందు. క్షమాపణ అడిగింది మేడమీద, ఎవరూ లేనప్పుడు. కాలం చాలకపోవడం కాదమ్మా నీ స్నేహితురాలికి నచ్చనిది. పదిమంది ముందు పోయిన మర్యాద పదిమంది ముందు తిరిగి రాలేదు. ఆ ఒక్కటీ సరిచేస్తే పెంచిన రెండు అధ్యాయాలూ తీసెయ్యొచ్చు.

సభ అయ్యాక సంతకాల కోసం వరస కడతారు. తల దించుకుని గబగబా రాసెయ్యకు. పేరు అడుగు, ఎలా రాస్తారో కూడా అడుగు, ముఖం చూసి పుస్తకం చేతికివ్వు. వరసలో చివర నిలబడి, అందరూ వెళ్లేదాకా ఆగే మనిషి ఒకరు ఉంటారు. ఆసుపత్రిలో భర్త మంచం పక్కన కూర్చుని నీ పుస్తకం చదివానని చెప్పొచ్చు. ఎప్పుడో దూరమైన మనిషి గురించి చెప్పొచ్చు. పెన్ను పక్కన పెట్టి విను. సలహాలు చెప్పకు. "ఇది మంచి కథ అవుతుంది" అనే మాట పొరపాటున కూడా అనకు. ఆవిడ నీకు కథావస్తువు ఇవ్వడానికి రాలేదు. ఆ మాటలు నీ నోటుబుక్కులో కూడా రాసుకోకు.

వేరే రకం మనుషులూ ఉంటారు, అదీ చెప్పాలి. ప్రేమకథలు రాసే ఆడవాళ్లతో ఎలాగైనా మాట్లాడొచ్చని అనుకునే మగవాళ్ల మెసేజ్‌లు నీకు వస్తాయి, ఈపాటికే వచ్చి ఉంటాయి. బ్లాక్ చెయ్యి. మర్యాదగా నచ్చజెప్పాలని చూడకు, దాన్ని కూడా వాళ్లు సంభాషణే అనుకుంటారు. ఇంటి అడ్రస్, సొంత ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకు. పాఠకుల ఉత్తరాలకి వేరే మెయిల్ పెట్టుకుని, వారంలో ఒక పూట కూర్చుని జవాబులు రాయి. రోజంతా ఫోన్ చూస్తూ కూర్చుంటే నవల నడవదు.

వేదిక మీద చదవడానికి ఏ పేజీ ఎంచుకోవాలని అడిగావు. వర్ణనలున్న పేజీ వద్దు. వాళ్లిద్దరూ గొడుగు ఎవరిదని పోట్లాడుకునే చోటు చదువు. రెండు మూడు నిమిషాలు సరిపోతుంది. గొడుగు ఎవరిదో తేలకముందే ఆపెయ్యి. ముందు ఇంట్లో పైకి చదివి చూసుకో. నాలుక తడబడ్డ వాక్యాలకి గుర్తు పెట్టి, విడగొట్టి రాసుకో. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి నాకు ఒకసారి చదివి వినిపించు. మీ పెదనాన్న కూడా వింటానంటున్నారు.

ప్రేమతో,
పెద్దమ్మ