పావుగంట ఆట, రోజంతా కాపలా

తల్లీ,

నువ్వు ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చాయి చెప్పాల్సినవన్నీ. మొదటిసారి పన్నెండు మంది ఆడపిల్లల్ని వెంటేసుకుని, జట్టుకి ఏడుగురే ఆడే రగ్బీ సెవెన్స్‌కి విశాఖ వస్తున్నావు. ఆట నీకు నేను నేర్పక్కర్లేదు. టోర్నమెంటు రోజు గురించి మాత్రం చెబుతాను.

హాఫ్‌కి ఏడు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. మ్యాచ్ పావుగంటలో అయిపోతుంది. కానీ అదే రోజు మళ్ళీ రెండో మ్యాచ్, ఒక్కోసారి మూడోది కూడా ఉంటుంది. పిల్లలు ఓడిపోయేది ఆ మధ్య గంటల్లోనే. మన సముద్రపు ఉక్కపోత నీకు తెలిసిందే, ఊరికే కూర్చున్నా జాకెట్టు తడిసిపోతుంది. అందుకని గ్రౌండ్‌కి రాగానే ముందు నీడ చూసుకుని చాపలు పరిచేయి. మ్యాచ్ అవ్వగానే తడి తువ్వాలు మెడ మీద, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, అరటిపండు. బిర్యానీ పొట్లాలు ఎవరు ప్రేమగా తెచ్చినా సాయంత్రం దాకా విప్పనివ్వకు. తర్వాతి మ్యాచ్‌కి ఇరవై నిమిషాల ముందే లేపి ఒళ్ళు వేడెక్కించు.

నీ పిల్లలు చాలామంది కబడ్డీ నుంచి వచ్చినవాళ్ళు. భయం లేకుండా మీద పడతారు, అది మన అదృష్టం. చిక్కల్లా పట్టు వదలకపోవడంతోనే. కబడ్డీలో రెయిడర్‌ని ఎంతసేపు పట్టుకుంటే అంత మెచ్చుకుంటాం. ఇక్కడ ఎదుటి పిల్ల నేల మీద పడగానే చేతులు వదిలేసి పక్కకి దొర్లిపోవాలి, లేదంటే పెనాల్టీ. చేతులు ఎప్పుడూ భుజాల కిందే పడాలి. మెడ మీదికి పోతే పసుపు కార్డు రావచ్చు. అదొస్తే రెండు నిమిషాలు ఆరుగురితో ఆడాలి, పద్నాలుగు నిమిషాల ఆటలో అది చాలా ఎక్కువ. అందుకే ప్రాక్టీసులో ‘పట్టు, పడెయ్, వదులు’ అని నువ్వే గట్టిగా అరుస్తూ చేయించు.

బీచ్‌లో ప్రాక్టీసు చేయిస్తానన్నావు. పడటం నేర్చుకోడానికి ఇసుక మంచిదే. కన్వర్షన్ మాత్రం అక్కడ వద్దు, అదే, ట్రై (బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించడం) అయ్యాక గోల్ స్తంభాల మధ్యకి తన్నే కిక్. సెవెన్స్‌లో అది డ్రాప్ కిక్, బంతి నేలకి తగిలి లేస్తుండగా తన్నాలి. ఇసుకలో అది లేవదు. ట్రై అయ్యాక ముప్పై సెకన్లే టైమ్. ఆ రెండు పాయింట్లు తన్నే పిల్లకి గట్టినేల మీదే అలవాటు చెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఏళ్ళ కిందట ఓ సెమీఫైనల్లో మా పిల్లకి తల నేలకి కొట్టుకుంది. లేచి నిలబడింది, ‘బాగానే ఉన్నా మేడం’ అంది. నేను నమ్మాను, ఆడనిచ్చాను. మ్యాచ్ అయ్యాక ఆ పిల్ల బూటు లేసు చేతిలో పట్టుకుని, ముడి ఎలా వెయ్యాలో తెలీనట్టు దానికేసే చూస్తూ కూర్చుంది. ఆస్పత్రిలో కోలుకుంది, దేవుడి దయ. ఆ చూపు మాత్రం నాకింకా కళ్ళ ముందే ఉంది. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఫైనలైనా సరే బయటికి తీసుకొచ్చెయ్. ఆ రోజుకి మళ్ళీ దింపకు. డాక్టరు చూసి సరే అనేదాకా ప్రాక్టీసుకి కూడా వద్దు. పిల్ల ఏడ్చినా, ఊరి పెద్దలు అడిగినా వినకు. ఆ తల్లులు పిల్లల్ని నీ చేతికి అప్పగించి పంపుతున్నారు.

మౌత్‌గార్డులు (పళ్ళకి తొడుక్కునే రక్షణ తొడుగులు) ముందు రోజే పళ్ళకి సరిపోయేలా చేయించు. వేడినీళ్ళ గ్లాసులో ప్యాకెట్ మీద రాసినంతసేపు ఉంచి, మెత్తబడ్డాక పళ్ళకి పెట్టుకుని కొరికి, పెదాల పైనుంచి వేళ్ళతో నొక్కాలి. నోరు తెరిచినా జారకపోతే సరిపోయినట్టు. నల్ల నిక్కర్లు, శానిటరీ ప్యాడ్లు ఎక్కువగానే తీసుకురా. బాత్రూం ఎక్కడుందో, తలుపుకి గడియ ఉందో లేదో వెళ్ళి స్వయంగా చూడు. సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసే పిల్లలుంటారు.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగగానే ఫోన్ చెయ్యి. మజ్జిగ నేను తెస్తాను, చాపలు కూడా మా ఇంట్లోనే ఉన్నాయి.

మీ మేడం