ఆ రెండు రింగులు ఎవరు తీశారు?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): పరీక్షలో బాగా పాసయ్యాడని మా అబ్బాయికి సైకిలు కొని 23 నెలలైంది. కొన్నప్పటి నుంచీ హ్యాండిల్ కింద హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల భాగం) లూజవుతూనే ఉంది. ముందు బ్రేకు వేస్తే కటకటమంటుంది. కొన్న దుకాణానికే నాలుగుసార్లు తీసుకెళ్లాం. బిగించి ఇస్తారు, పది రోజులకు మళ్లీ మామూలే. హ్యాండిల్ ఎత్తుగా ఉందని మధ్యలో దాని కింది రెండు రింగులు తీయించి కిందికి దించుకున్నాం. ఆరు నెలల క్రితం బాబు పడి మణికట్టు విరిగింది. ఆ రోజు నుంచి నా భార్యకు కంటి మీద కునుకు లేదు. యజమాని ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. సైకిలు డబ్బు మొత్తం, నష్టపరిహారం వస్తాయా? తెలిసిన మెకానిక్ ఒకాయన బేరింగు కూర్చునే కప్పులో రేకు ముక్క పెట్టి దిగ్గొడితే ఇక కదలదంటున్నాడు. అది చేయించి, ఆ బిల్లు జతచేసి కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది ఒకే మాట: ‘తీయించి’. ఎవరి చేత తీయించారు? నాలుగుసార్లు తిరిగిన సంగతి తేదీలతో సహా రాసిన మీరు, ఈ ఒక్క చోట మాత్రం మనిషిని దాటేశారు. అవతలి న్యాయవాది మొదట అడిగేది అదే.

ఎందుకో చెబుతాను. మీ సైకిలుకు ఉన్నది మరలు లేని రకం హెడ్‌సెట్. అందులో పైమూత బోల్టు ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టే కాడను) పట్టి ఉంచదు. స్టెమ్‌ను (హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి బిగించే ముక్కను), దాని కింది రింగులను నొక్కి బేరింగు గోళీల మీద తగినంత ఒత్తిడి తేవడమే దాని పని. ఆ ఒత్తిడిని నిలిపి ఉంచేవి స్టెమ్ పక్క బోల్టులు. మూత నొక్కగలగాలంటే ఫోర్కు గొట్టం అంచు స్టెమ్ పైఅంచు కంటే సుమారు 3 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. కింది రింగులు తీసినప్పుడు వాటిని స్టెమ్ పైన పెట్టాలి, లేదా గొట్టాన్ని ఆ మేరకు కోయాలి. రెండూ చేయకపోతే గొట్టం పైకి పొడుచుకొస్తుంది, మూత దాని మీదే కూర్చుంటుంది. ఇక బోల్టు ఎంత తిప్పినా ఒత్తిడి గోళీలకు చేరదు.

కట్టు కట్టిన చేతిని చూపించడానికి మీరు పంపిన ఫోటోలో నేను చూసింది ఆ మూతనే. మూతకూ స్టెమ్‌కూ మధ్య వెలుతురు కనిపిస్తోంది. ఫోటో ఒక్కటే రుజువు కాదు. బేరింగు మీద కూర్చునే చీలిక రింగు లేకపోయినా, బేరింగు తిరగేసి పెట్టినా, ఫ్రేములో కప్పు వదులుగా ఉన్నా లూజు వస్తుంది. కానీ ఈ సందు ఉండగా తయారీదారు మీద ‘లోపభూయిష్టమైన వస్తువు’ అని కేసు వేస్తే, మొదటి వాయిదాలోనే మీ ఫోటోను మీకే చూపిస్తారు.

రింగులు తీసింది ఆ దుకాణం మెకానిక్ అయితే మీ కేసు బలమైనది. అది సేవాలోపం. ఆ లోపం వల్లే బాబు పడ్డాడని చూపగలిగితే గాయానికి కూడా దుకాణం జవాబు చెప్పాలి. తీసింది మీరో, మీ మెకానిక్కో అయితే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ అడ్డొస్తుంది. హాని జరిగే నాటికి వస్తువును మార్చి ఉంటే అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత దావా (వస్తువు లోపం వల్ల జరిగిన హానికి పరిహారం కోరే దావా) నిలవదు. అప్పుడు మిగిలేది చిన్న వాదన: నాలుగుసార్లు చేతిలో పెట్టినా ఆ సందును పట్టించుకోకుండా బోల్టు తిప్పి పంపారని. చిన్నదే అయినా నిలబడే వాదన. అయితే దానితో సైకిలు డబ్బు మొత్తం రాదు.

‘కొన్నప్పటి నుంచీ’ అన్నారు. దానికి రుజువుగా మీ దగ్గరున్న ఒకే ఒక్క జాబ్ కార్డు (దుకాణం ఇచ్చే రిపేరు కాగితం) మూడో నెలది. మిగతా మూడూ పారేశారు. ఉన్న దాని మీద ‘పని సంతృప్తికరం’ అన్న గడి కింద సంతకం పెట్టారు, చదవకుండా. నాలుగుసార్లు తిరిగిన ఓపికలో నాలుగో వంతు ఆ కాగితాల మీద పెట్టి ఉంటే నేనింత రాయవలసి వచ్చేది కాదు.

గడువు సంగతి. మీరు వారంటీని లెక్కపెడుతున్నారు, వినియోగదారుల కమిషన్ మాత్రం అదే చట్టంలోని 69వ సెక్షన్‌ను చూస్తుంది. వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. అమ్మకం గురించిన ఫిర్యాదుకు అవతలివారు కొన్న తేదీ నుంచే లెక్క కడతారు, అంటే మీకు ఒక్క నెల ఉందనుకోండి. ‘రేపు చూద్దాం’ అని యజమాని పంపిన మెసేజులు, మీరు పంపబోయే నోటీసు ఆ గడువును పొడిగించవు. సర్వీసుల లెక్క వేరు. చివరిది ఎనిమిది నెలల కిందటిది కాబట్టి ఆ సేవాలోపానికి ఇంకా సమయం ఉంది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, తగిన కారణం చూపాలి. ఫోను ఎత్తకపోవడం అలాంటి కారణం కాదు.

ఇక రేకు ముక్క. వద్దు. అది పెట్టిన క్షణాన మీ సాక్ష్యం పోతుంది. లోపం చూసి తేలేది కాకపోతే వస్తువును సీలు చేసి ప్రయోగశాలకు పంపే ఏర్పాటు 38వ సెక్షన్‌లో ఉంది. అక్కడికి వెళ్లేది మీ మెకానిక్ సుత్తి దెబ్బలు తిన్న కప్పు అయితే నివేదికలో ఏం వస్తుందో ఊహించుకోండి. పైగా రేకు ఆ సందును పూడ్చదు, బాబు మళ్లీ పడతాడు. సైకిలు ఎక్కనివ్వకండి. లూజుతో తొక్కే కొద్దీ గోళీల దారి గుంటలు పడుతుంది, ఆ అరుగుదలనూ మీ ఖాతాలోనే వేస్తారు.

ఈ వారంలోనే ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపుతూ, హెడ్‌సెట్ అతుకు మీద వేలు ఉంచి వీడియో తీయండి. మూత దగ్గరి సందును స్కేలు ఆనించి ఫోటో తీయండి. మెసేజులున్న ఫోనును అమ్మకండి, రీసెట్ చేయకండి. ఆసుపత్రి కాగితాలు వెతకండి, అవి లేకుండా మణికట్టు గురించి అడగడం దండగ. తర్వాత దుకాణానికి స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి: ఫలానా తేదీన ఇరుపక్షాల సమక్షంలో సైకిలును తనిఖీ చేయించాలి, రారంటే మేమే లిఖితపూర్వక నివేదిక తీసుకుంటాం అని. జవాబుకు పది రోజుల గడువు చాలు.

జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, మీరే వాదించుకోవచ్చు. ఉచితంగా సరిగ్గా అమర్చడం, సర్వీసులకు కట్టిన డబ్బు, వైద్య ఖర్చు, కొంత పరిహారం అడగండి.

నోటీసు రాసే ముందు ఆ రింగులు తీసిన మనిషి ఎవరో, తేదీ ఏమిటో నాకు ఒక్క వాక్యంలో రాయండి.