పునరావృత డీఎన్ఏపై పని మొదలుపెడుతున్న రమ్యకు

చిరంజీవి రమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

డీఎన్ఏలో ఒకే అక్షరాల వరుస మళ్లీ మళ్లీ వచ్చే పునరావృత క్రమాలకు అతుక్కునే చిన్న అణువులపై పరిశోధనకు చేరావని తెలిసి సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ఏ అణువు గట్టిగా అతుక్కుంటుందన్న ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టి, అణువేదీ లేనప్పుడు ఆ క్రమం ఏయే ఆకారాల్లో ఉంటుందో ముందు తెలుసుకో. మొదటి నెలంతా అణువు సీసా మూత తీయకపోయినా నష్టం లేదు.

మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ వ్యాధికి మూలమైన సీఏజీ క్రమాన్నే (సైటోసిన్, అడినైన్, గ్వానైన్ అనే మూడు బేస్‌ల వరుస) చూడు. ఆ వ్యాధికి సంబంధించిన జన్యువులో సీఏజీలు వరుసగా 40 లేదా అంతకు మించి ఉన్నవారికి వ్యాధి వస్తుంది. ఒంటరి పోగు తన మీదకు తానే మడత పడితే హెయిర్‌పిన్ అవుతుంది. దాని కాండంలో అడినైన్‌కు ఎదురుగా అడినైనే పడి జత కుదరక మిగిలిపోతుంది. తోడు పోగు దొరికితే మామూలు రెండు పోగుల డ్యూప్లెక్స్ ఏర్పడుతుంది. అణువు చాలాసార్లు చేసేది ఈ ఆకారాల మధ్య ఉన్న తూకాన్ని ఒకవైపు మొగ్గేలా చేయడమే.

ఒసాకాలో రసాయన శాస్త్రవేత్త నకతాని బృందం రూపొందించిన నాఫ్తిరిడిన్-అజాక్వినొలోన్ అణువు దీనికి చక్కని ఉదాహరణ. దాని నాఫ్తిరిడిన్ భాగం గ్వానైన్‌తోను, అజాక్వినొలోన్ భాగం అడినైన్‌తోను హైడ్రోజన్ బంధాలు కడతాయి, వాటికి చోటిస్తూ సైటోసిన్ హెలిక్స్ (డీఎన్ఏ మెలిక) వెలుపలికి తిరిగిపోతుంది. టొరంటో పరిశోధకులతో కలిసి 2020లో వారు ప్రచురించిన పనిలో, ఈ అణువు వల్ల రోగుల కణాల్లోను, వ్యాధి నమూనా ఎలుకల మెదడులోని స్ట్రయాటంలోను పెరిగిన సీఏజీ క్రమం కుదించుకుపోయినట్లు చూపారు. అణువు డీఎన్ఏను తానుగా కోయదు. జారి మడతపడిన ఆకారాన్ని పట్టి ఉంచుతుంది, దానితో కణంలోని మరమ్మతు ప్రొటీన్ల పని ఫలితం మారుతుంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇది.

దీనికి పక్కన, డీఎన్ఏకు రంగు వేయడానికి వాడే ఎథిడియం బ్రోమైడ్‌ను పెట్టి చూడు. అది దాదాపు ఏ డ్యూప్లెక్స్‌లోనైనా బేస్ జతల మధ్య దూరి, దూరిన ప్రతిచోటా హెలిక్స్‌ను సుమారు 26 డిగ్రీలు విప్పుతుంది. కాబట్టి అతుక్కున్నదన్న ఫలితం ఒక్కటే గొప్పది కాదు. నీ అణువును సీఏజీ హెయిర్‌పిన్‌తో పరీక్షించిన ప్రతిసారీ, పునరావృతం లేని సాధారణ డ్యూప్లెక్స్‌తోనూ అదే గాఢతలో పరీక్షించు.

బల్ల దగ్గర పనిలో బఫరే (ఆమ్లతను నిలకడగా ఉంచే ఉప్పు ద్రావణం) పెద్ద మాయగాడు. క్రోమోజోముల చివరలైన టీలోమియర్లలోని టీటీఏజీజీజీ క్రమం సోడియంలో ఒక రకంగా, పొటాషియంలో మరో రకంగా మడతపడి, నాలుగేసి గ్వానైన్లు పొరలుగా పేరుకున్న జీ-క్వాడ్రుప్లెక్స్ అవుతుంది; అయాను మారినందువల్ల వచ్చిన మార్పును అణువు ఖాతాలో వేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. డీఎన్ఏను 95 డిగ్రీలకు వేడిచేశాక త్వరగా చల్లబరిస్తే హెయిర్‌పిన్‌కు, గాఢత ఎక్కువగా ఉంచి నెమ్మదిగా చల్లబరిస్తే పోగులు జతకట్టడానికి అనుకూలం. ఏది ఏర్పడిందో తేల్చుకోవడానికి పోగు గాఢతను పది రెట్లు మార్చి కరిగే ఉష్ణోగ్రతను (సగం డీఎన్ఏ విడిపోయే ఉష్ణోగ్రతను) కొలువు: హెయిర్‌పిన్ అయితే అది దాదాపు కదలదు, రెండు పోగుల జత అయితే గాఢతతో పాటు పెరుగుతుంది.

సర్క్యులర్ డైక్రోయిజంలో (ఎడమకు, కుడికి తిరిగే కాంతుల శోషణలోని తేడాను కొలిచే పద్ధతిలో) శిఖరం జరిగిందని వెంటనే మురిసిపోవద్దు. అణువు కూడా అదే తరంగదైర్ఘ్యంలో కాంతిని శోషిస్తుంటే, కనిపించే మార్పు డీఎన్ఏ ఆకారానిదో, అతుక్కున్న అణువుదో ఆ ఒక్క గీతతో తేలదు. డీఎన్ఏ శోషించని చోట, అంటే 300 నానోమీటర్లు దాటిన తర్వాత కొత్త సంకేతం వస్తే అది అణువుదే. అణువును డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగిస్తావు కనుక, అంతే డీఎంఎస్ఓ కలిపిన ఖాళీ నమూనాను తప్పక పెట్టు.

తొలి కరుగుదల వక్రరేఖలు రాగానే, ఒక్కొక్కదాని కింద బఫరు, అయాను, పోగు గాఢత రాసి నాకు పంపించు.

ఇట్లు,
పెదనాన్న