లాడ్జివాళ్లు బ్యాగ్ ఆపేశారన్న ప్రశ్నకు సమాధానం

అద్దె బాకీ ఉందని మీ తమ్ముడి బ్యాగ్ ఆపేసిన లాడ్జి మేనేజర్ ధైర్యమంతా బహుశా అతను గది తీసుకునేటప్పుడు సంతకం పెట్టిన ఫారంలోనే ఉంది.

అద్దె బాకీకి ల్యాప్‌టాప్, డిగ్రీ ఒరిజినల్స్ ఉన్న బ్యాగ్ విజయవాడ లాడ్జివాళ్లు ఆపుకోవచ్చా అన్నారు కదా. 1872 కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్‌లో బాకీకి సామాను అట్టిపెట్టుకునే హక్కున్నవాళ్ల జాబితా ఉంది, బ్యాంకులు, హైకోర్టు అటార్నీలు (లాయర్లు) లాంటివాళ్లు, అందులో లాడ్జీలు లేవు. కానీ స్పష్టమైన ఒప్పందం ఉంటే మిగతావాళ్లూ ఆపుకోవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. ఇంగ్లండులో సత్రం యజమానులకు పాతకాలం నుంచీ ఈ హక్కుంది, లాడ్జివాళ్ల లాయర్ ఆ వాదననూ ఎత్తొచ్చు.

1. ముందు ఆ ఫారం రెండు వైపులా, రిజిస్టర్ పేజీతో సహా ఫొటో తీసుకోండి. అందరూ వదిలేసేది ఇదే. వెనక చిన్న అక్షరాల్లో "బకాయి ఉంటే సామాను నిలుపుదల" లాంటి మాట ఉందేమో చూడండి, లేకపోతే మీ వాదన చాలా గట్టిది.

2. బిల్లు అడిగి, నిజంగా ఇవ్వాల్సింది యూపీఐలో కట్టేయండి. బాకీ తీరాక ఆపడానికి ఏ సాకూ మిగలదు. బ్యాగ్‌లో ఏమేం ఉన్నాయో రాసి వాట్సాప్‌లో పంపండి.

3. అప్పటికీ ఇవ్వకపోతే ఆ ఏరియా స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, లేదా న్యాయసహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

గొడవపడి బ్యాగ్ లాక్కురావద్దు, కేసు మీ తమ్ముడి మీదకే తిరుగుతుంది.