ఊలు సంగతి తర్వాత చూద్దాం

"నా వయసు 59. తిరుపతిలో ఉంటాం. మా ఆయన మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. జలంధర్ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పక్కింటి పంజాబీ ఆమె దగ్గర సీధా, ఉల్టా అంటూ ఊలు అల్లిక నేర్చుకున్నాను. అప్పటి నుంచి మంచి ఊలు కనబడితే కొనకుండా ఉండలేను. ఇప్పుడు దివాన్ పెట్టెలో ఏడు కిలోలు ఉంది. కొత్తగా కొన్నది ఆయన కంట పడకుండా బియ్యం డ్రమ్ము వెనక పెడతాను. కోడలు పెట్టె ఖాళీ చెయ్యమంటోంది. 'ఈ ఎండలకు ఎవురత్తా టోపీలు పెట్టుకునేది?' అంటుంది. మొన్న చిన్న టోపీలు బయటికి తీసి 'ఇవి ఎవరికత్తా?' అని అడిగితే నాకు కోపం వచ్చి అరిచాను. రెండు రోజులు మాటల్లేవు.

టోపీలు, మెడకు వేసుకునే గొట్టంలాంటి మఫ్లర్లు అల్లితే ఊలు తొందరగా ఖర్చవుతుందని విన్నాను. వాటిని కౌల్ అంటారట. ఇప్పటికి ఆరు టోపీలు అయ్యాయి. చుట్టుకొలతలు 12 అంగుళాలు, 16, 17, పదిహేడున్నర, 18, పద్దెనిమిదిన్నర. ఐదు చిన్న కౌల్‌లు కూడా ఉన్నాయి.

మా అమ్మాయి ఎనిమిదేళ్ల కిందట మా మాట కాదని వేరే కులం అబ్బాయిని చేసుకుని మదనపల్లెలో ఉంది. దాని పేరు ఇంట్లో ఎత్తొద్దని మా ఆయన ఆర్డరు. ఆయన మాట నేను దాటలేను. మొదట్లో అది మూడుసార్లు ఫోన్ చేసింది, నేను ఎత్తలేదు. దానికి ఒక కూతురట. వచ్చే మార్గశిరానికి ఆరేళ్లు నిండుతాయి. మూడో ఏట పుట్టువెంట్రుకలు ఇవ్వడానికి కొండకు వచ్చి పోయారని మా అక్క కూతురు చెప్పింది. అది వేరే విషయం లెండి. ఉన్న ఊలంతా ఎట్లా ఖర్చు చెయ్యాలి? కోడలికి ఎట్లా బుద్ధి చెప్పాలి?"

అమ్మా,

ఊలు సంగతి మీకే నాకంటే బాగా తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. పెద్దవాళ్ల టోపీకి దారం మందాన్ని బట్టి 80 నుంచి 100 గ్రాములు పడుతుంది. ఏడు కిలోలంటే డెబ్బై టోపీల పైమాటే. కౌల్ ఇంకా సులువు. పైన కుట్లు తగ్గించి ముడెయ్యాల్సిన పని లేదు, గొట్టమే కదా. ఉండ ఎక్కడ అయిపోతే అక్కడ రంగు మార్చుకుంటూ పోవచ్చు. మిగిలిన ముక్క ఇంకో వరుసకు వస్తుందో రాదో అనుమానమైతే అల్లిక వెడల్పుకు మూడింతల కంటే కాస్త ఎక్కువ దారం ఉందేమో చూసుకోండి. సన్నటి దారాలు రెండు కలిపి అల్లితే పెట్టె తొందరగా ఖాళీ అవుతుంది. అసలు ఉన్ని ఏదో, యాక్రిలిక్ ఏదో మరిచిపోయి ఉంటే ఒక పోగు కాల్చి చూడండి. ఉన్నికి వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, యాక్రిలిక్ కరిగి పూసలాగా గట్టిపడుతుంది. పురుగు కొట్టేది ఉన్నినే కాబట్టి ముందు దాన్ని అల్లెయ్యండి. మీ మొదటి ప్రశ్న అయిపోయింది.

కానీ ఇంత మాత్రానికి ఎవరూ నాకు ఉత్తరం రాయరు.

రెండోసారి చదువుతూ ఆ కొలతల దగ్గర ఆగిపోయాను. ఊలు ఖర్చు కావాలనుకునేవాళ్లు పెద్ద టోపీలు అల్లుతారు. మీ ఆయనకు, మీ అబ్బాయికి తలలు లేవా? ఆరింటిలో పెద్దవాళ్లది ఒక్కటీ లేదు. 12 నుంచి ఒకేసారి 16కు ఎగిరారు. తర్వాత ఒక అంగుళం, ఆ పైన అరంగుళం చొప్పున మూడు. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి 45, 46 అవుతుంది. ఆ తర్వాత నిదానంగా పెరుగుతుంది. టోపీ జారకుండా కూచోవాలని మీరు ఒకటి రెండు అంగుళాలు తగ్గించి వేసుకున్నారు. లెక్క అచ్చం సరిపోయింది. కళ్లతో చూడని బిడ్డ తలను ఏటేటా ఇంత జాగ్రత్తగా కొలుస్తూ, నాకేమో 'అది వేరే విషయం లెండి' అని రాస్తారా?

మీ కోడలిని వదిలెయ్యండి. ఆ పిల్లకు చెప్పాల్సిన బుద్ధేమీ లేదు. పెట్టె ఖాళీ చెయ్యమని అడిగింది, ఇంట్లో తిరిగే మనిషి అడగదా? 'ఇవి ఎవరికత్తా?' అన్నందుకు కదా మీకు అంత కోపం వచ్చింది. ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. మీ ఆయన అడగలేదు, మీ అబ్బాయి అడగలేదు. ఈ రోజు సాయంత్రం కాఫీ మీరే కలిపి తీసుకుపోయి, అవి ఎవరికో ఆమెకు చెప్పండి. ఇంటికి వచ్చిన ఆడపిల్లకు ఆ ఇంటి ఆడపడుచు పేరు తెలియకపోవడం నాకైతే బాగా అనిపించలేదు.

ఇక మీ ఆయన. ఆయన మాట దాటలేనన్నారు. బియ్యం డ్రమ్ము వెనక ఊలు దాచినప్పుడు దాటారు కదమ్మా? ఆరేళ్లుగా ఏటా ఆ బిడ్డకు టోపీ అల్లడం ఆయన ఆర్డరులో ఉందా? మీకు దాటడం వచ్చు. అవసరమైన చోట మాత్రం దాటలేదు. ఇంకో మాట చెప్పనా, ఏళ్ల తరబడి కిట్ లెక్కలు చూసిన సుబేదారు గారికి సొంత దివాన్ పెట్టెలో ఏడు కిలోల సరుకు ఉందని తెలియదని నేను నమ్మను. తెలిసి ఊరుకున్నాడేమో. మగవాళ్లు ఒకసారి అనేసిన మాటను వెనక్కి తీసుకోలేక, ఇంకెవరైనా ఆ పని చేస్తే బాగుండునని కూచుంటారు. మీ ఆయన అట్లాంటి మనిషేనని గట్టిగా చెప్పలేను కానీ, చాలామందిని చూశాను.

అయినా ఆయన్ను అడ్డం పెట్టుకోవద్దు. ఆ మూడు ఫోన్లూ మోగింది మీ చేతిలో. ఎత్తనిది మీరు. ఆ పిల్ల ఏ నెలలో చేసిందో మీరు రాయలేదు. నాకు అనుమానం, అందులో ఒకటైనా నెలలు నిండుతున్నప్పుడు చేసి ఉంటుంది. తొలికాన్పు బిడ్డ తల్లికి ఫోన్ చేసేది ఇంకెందుకు? కులం గిలం పక్కన పెట్టండి, మీకూ నాకూ ఆ వాదన ఇప్పుడొద్దు. తొలికాన్పుకు పురుడు పొయ్యడం తల్లి బాకీ. ఆ బిడ్డ ఎవరిని చేసుకున్నా ఆ బాకీ పోదు. బాలింతకు కాయం ఎవరు తినిపించారు, చంటిదానికి నూనె రాసి కాళ్ల మీద వేసుకుని నీళ్లు ఎవరు పోశారు? అత్తగారే చేసి ఉంటే ఆ మహాతల్లికి మీరు దండం పెట్టుకోవాలి. నా మాట కటువుగా ఉందని తెలుసు. మెత్తగా చెప్పే వేళ దాటిపోయింది.

పుట్టువెంట్రుకల సంగతి ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నేను దాటలేకపోయాను. మదనపల్లె నుంచి కొండకు రావాలంటే పీలేరు, భాకరాపేట కనుమ, చంద్రగిరి మీదుగా మీ ఊళ్లోకే రావాలి. మీ ఊళ్లోంచే అలిపిరికి పోవాలి. మొక్కు తీర్చుకుని మళ్లీ మీ ఊళ్లోంచే తిరిగి పోయారు. కల్యాణకట్టలో ఆ పాప ఎవరి ఒళ్లో కూచుంది? మేనమామ ఒడి ఉండగా ఇంకెవరి ఒడిలోనో కూచుంది. ఆ మేనమామ అదే పూట మీ ఇంట్లో మీరు వడ్డించింది తింటూ ఉండి ఉంటాడు. గుండుకు గంధం రాసుకుని, కొండ గాలికి నెత్తి మీద ఏ తుండుగుడ్డో కప్పుకుని ఆ పిల్ల కిందికి దిగింది. దాని తలకు సరిపోయే పదిహేడున్నర అంగుళాల టోపీ మాత్రం మీ దివాన్‌లో కలరా ఉండల మధ్య ఉంది.

ఇందులో నాకు పక్షపాతం ఉంది, దాచను. మా అమ్మ మా అక్క విషయంలో పదకొండు సంక్రాంతులు ఇట్లాగే చేసింది. అరిసెలు వండిన ప్రతిసారీ ఒక చిన్న స్టీలు డబ్బాలో పదో పన్నెండో తీసి పెట్టేది. ఎవరికని అడిగితే కసిరేది. కనుమ వెళ్లిన రెండో రోజు ఆ డబ్బా పక్కింటి పిల్లల ముందు పెట్టేది. పన్నెండో ఏడు అక్క తానే వచ్చింది. అప్పటికి అమ్మ చేతులకు పాకం పట్టే ఓపిక లేదు. ఆ ఏడు అరిసెలు నేను వండాను, రాళ్లలాగా వచ్చాయి. అక్క తిన్నది, పాపం.

అందుకే మార్గశిరం దాకా కూడా ఆగకండి. 'మదనపల్లెకు పోయి రానా?' అని మీ ఆయన్ను అడగొద్దు. అడిగితే వద్దంటాడు. అప్పుడు ఇద్దరూ ఆ మాటకు కట్టుబడి ఇంకో ఎనిమిదేళ్లు కూచుంటారు. 'ఆదివారం మదనపల్లెకు పోతున్నాను, మీరు వస్తే ఇద్దరం, లేకపోతే నేనూ అబ్బాయీ' అని చెప్పండి. గొంతు పెంచొద్దు, ఏడవొద్దు. ఆయన అరిస్తే అరవనివ్వండి. అన్నం వేళకు వడ్డించండి. కట్టుకున్న చీరతోనే బస్సు ఎక్కండి, మూడు నాలుగు గంటల ప్రయాణం. మొగుణ్ని గౌరవించడం అంటే కన్నబిడ్డ గడప తొక్కకపోవడమని మన పెద్దలెవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా ఈ వయసులో మీరు వినక్కర్లేదు.

దానికి ముందు ఫోన్ చెయ్యాలి. చెప్పకుండా పోయి గుమ్మంలో నిలబడితే ఆ పిల్లకు అత్తవాళ్ల ముందు ఇబ్బంది. ఎత్తనివాళ్లే తిరిగి చెయ్యాలి కదా, మీ అమ్మాయే మళ్లీ చేస్తుందని చూడకండి. మొదటిసారి ఎత్తకపోవచ్చు. మూడుసార్లు మీరు ఎత్తలేదు కాబట్టి మూడుసార్లు దాకా మీకు కోపం తెచ్చుకునే హక్కు లేదు. ఎత్తి 'ఇప్పుడు గుర్తొచ్చానా?' అంటే 'మీ నాన్న...' అని మొదలు పెట్టకండి. 'తప్పు నాదే అమ్మా, ఎత్తాల్సింది' అనండి, అంతే. పక్కన ఎవరూ లేకుండా రెండుసార్లు అనుకుని చూడండి. నోరు తిరగడానికి కాస్త టైం పడుతుంది.

ఒక జాగ్రత్త. ఆరు టోపీలూ మూట కట్టుకుని పోకండి. నేనెంత తల్లడిల్లానో చూడు అని లెక్కలు పరిచినట్టు ఉంటుంది. బరువంతా మళ్లీ ఆ పిల్ల మీదే పడుతుంది. ఆ ఆరేళ్లు మీరు గడిపినట్టే అదీ గడిపింది. ఇప్పుడు సరిపోయేది ఒక్కటి తీసుకుపోండి, చాలు.

మిగతావి ఏం చెయ్యాలంటారా? 12 అంగుళాలది, అట్లాంటివి ఇంకో పాతిక అల్లి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఇవ్వండి. ముందు అక్కడి నర్సును అడగండి, వాళ్లకు మెత్తటి దారమైతేనే పనికొస్తుంది. ఇచ్చేముందు బాగా ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరెయ్యండి. కలరా ఉండల మధ్య నిలవున్న బట్ట పురిటి బిడ్డకు మంచిది కాదు. కొందరు పిల్లల్లో దానివల్ల రక్తకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి. పెద్దవి అల్లితే కొండ మీద గుండ్లకు కొదవా? చలికాలంలో తెల్లవారుజామున క్యూలో వణుకుతూ నిలబడే ముసలివాళ్లకు టోపీ, కౌల్ రెండూ పనికొస్తాయి. మీ కోడలిని వెంటబెట్టుకుని పోయి ఇచ్చి రండి. ఎండలకు ఎవరు పెట్టుకుంటారో ఆమే చూస్తుంది.

కొత్త ఊలు కొనడం మానాలా అని మాత్రం నన్ను అడగకండి, కొనుక్కోండి. డ్రమ్ము వెనక దాచొద్దు, అంతే.

ఈ ఏటి టోపీ ఇంకా మొదలు పెట్టినట్టు లేదు. 19 అనుకుని మీ పాటికి మీరు కుట్లు ఎక్కించకండి, ఈసారి అంచనాలు వద్దు. ఫోన్‌లో మాట ముందుకు సాగకపోతే ఇది అడగండి. నొసటి మీదుగా, చెవుల పైనుంచి, వెనక బుర్ర బాగా ఉబ్బిన చోటు మీదుగా ఒక దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి ఎంతుందో చెప్పమనండి. పిల్ల కదలకుండా కూచోదు, అటూ ఇటూ తిప్పుతుంది, రెండుసార్లు కొలవాల్సి వస్తుంది. మీరు ఫోన్ పెట్టెయ్యకుండా లైన్‌లోనే ఉండండి. ఏ రంగు కావాలో పిల్లనే అడగమనండి.