పరాయి దేశపు చట్టాన్ని చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

బరంపురంలో న్యాయశాస్త్రం చదువుతున్న మీరు అడిగినది ఇది: లౌకికత్వం, చట్టబద్ధ పాలన అనే భావనలు ఫ్రాన్సు, జర్మనీలలో ఎలా ఉన్నాయో మన రాజ్యాంగంతో పోల్చి వ్యాసం రాయాలి, ఆ భాషలు రావు, ఎక్కడ మొదలుపెట్టాలి? నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, గజపతి జిల్లా కోర్టులలో చాలాకాలంగా వకీలుగా పనిచేస్తున్నాను. మధ్యలో ఇలాంటి తులనాత్మక అధ్యయనంతోనే ఎల్‌ఎల్‌.ఎం. పూర్తిచేశాను కనుక నా అనుభవం మేరకు రాస్తున్నాను.

భాష రాకపోవడం ఇబ్బందే అయినా దానికి అనువాదాల సాయం దొరుకుతుంది. తెలిసిన మాటే కదా అని మనం ఆగి చూడకుండా దాటిపోయే చోట జరిగే పొరపాటుకు ఏ సాయమూ దొరకదు. సరిహద్దులో పెరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. తెలుగులో రాష్ట్రమంటే ఒడిశా, ఆంధ్రప్రదేశ్ వంటివి. ఒడియాలో వాటిని రాజ్యమంటారు, రాష్ట్రమంటే యావద్దేశం. శాసనమంటే మనకు చట్టసభ చేసిన చట్టం, లేదా రాతి మీది రాత. ఒడియాలో అదే మాటకు పరిపాలన అని అర్థం. పూర్వం రాజులు బ్రాహ్మణులకు దానమిచ్చిన గ్రామాన్ని కూడా శాసనమనే పిలుస్తారు. రెండు భాషల దస్తావేజులను పక్కపక్కన పెట్టుకుని చదివేటప్పుడు ఆ మాట ఆ కాగితంలో ఏ పని చేస్తున్నదో చూసి గాని మనం ముందుకు పోము. విదేశీ చట్టాన్ని కూడా అదే చూపుతో చదవండి.

ఈ జాగ్రత్త నాకు ఆలస్యంగా వచ్చింది. నా పరిశోధనా వ్యాసం మొదటి చిత్తుప్రతిలో న్యూయార్కు సుప్రీంకోర్టు తీర్పు ఒకదానిని ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం మాటగా ఉదహరించి, దాని మీద ఒక అధ్యాయమంతా నిలబెట్టాను. న్యూయార్కులో సుప్రీంకోర్టు అంటే విచారణ న్యాయస్థానం. అత్యున్నతమైనది కోర్ట్ ఆఫ్ అపీల్స్. మా మార్గదర్శకులు ఆ సంగతి చెప్పిన తరువాత అధ్యాయం మొత్తం తిరిగి రాయవలసి వచ్చింది. అప్పటి నుంచి ఏ దేశం గురించి చదివినా మొదటి రోజే ఆ దేశపు కోర్టుల మెట్లను కాగితం మీద గీసుకుంటాను. ఫ్రాన్సుకు గీస్తే రెండు నిచ్చెనలు వస్తాయి: సివిలు, క్రిమినలు వ్యాజ్యాలకు పైన కూర్ ద కసాసియోఁ, ప్రభుత్వం మీద వేసే వ్యాజ్యాలకు పైన కొన్సేయ్ దెతా. ఈ రెండింటికీ బయట 1958 రాజ్యాంగం ఏర్పరచిన రాజ్యాంగ మండలి ఉంది. అమలులో ఉన్న చట్టం రాజ్యాంగ విరుద్ధమని కక్షిదారు లేవనెత్తిన ప్రశ్న ఈ మండలి దాకా వెళ్లే వీలు 2010 మార్చి 1 నుంచే ఉంది కనుక, మీ గ్రంథాలయంలోని ఫ్రెంచి చట్టం పుస్తకం ఏ సంవత్సరానిదో ముందు చూసుకోండి.

ఇక లౌకికత్వం. ఫ్రాన్సులో దీనిని లాయిసిటే అంటారు. 1905 డిసెంబరు 9 నాటి చట్టం మత సంస్థలను, ప్రభుత్వాన్ని వేరుచేసింది. ఏ మతాన్నీ ప్రభుత్వం గుర్తించదు, ఏ మతగురువుకూ జీతమివ్వదు అన్నది దాని సారం. ఇంతవరకే చదివి ఆపితే వ్యాసం తప్పుతుంది. అల్సాస్, మొసెల్ ప్రాంతాలలో ఈ చట్టం నేటికీ వర్తించదు. 1871 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేవరకు అవి జర్మనీ ఏలుబడిలో ఉండడం వల్ల 1905 చట్టం అక్కడికి చేరలేదు. తిరిగి ఫ్రాన్సులో కలిసిన తరువాత కూడా పాత ఏర్పాటు కొనసాగి, కాథలిక్కు, లూథరన్, రిఫార్మ్‌డ్, యూదు మతగురువులకు అక్కడ ప్రభుత్వమే జీతాలిస్తున్నది. ఇది రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2013లో రాజ్యాంగ మండలి కూడా తేల్చింది.

ఇది చదివినప్పుడు నాకు మన గంజాం గుర్తుకు వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం మద్రాసు నుంచి వచ్చి చేరింది, కాని 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూచట్టాన్ని వెంటబెట్టుకునే వచ్చింది. కటకం వైపు రైతుకు 1913 నాటి ఒరిస్సా కౌలుచట్టం, మన వైపు రైతుకు మద్రాసు చట్టం. ఒక దేశపు చట్టం దేశమంతటా ఒకే తీరున ఉంటుందనుకోకుండా, ఏ ప్రాంతం ఏ సంవత్సరంలో ఎవరి చేతిలో ఉన్నదని అడగడం మనకు అలవాటైన ప్రశ్నే.

రిట్టు, అంటే అధికారులకు పైకోర్టు జారీచేసే ఆజ్ఞ, అనే భావన ఎంతగా చరిత్రకు కట్టుబడి ఉంటుందో తెలుసుకోవాలంటే మన ఊరి వ్యాజ్యమే చదవండి. గారబంధ మొదలైన గ్రామాల రైతులకు, పర్లాకిమిడి జమీందారుకు శిస్తుల నిర్ణయం మీద నడిచిన వ్యాజ్యంలో 1943లో అప్పటి మన అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన లండనులోని ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. రెవిన్యూ బోర్డు ఉన్నది మద్రాసు నగరంలోనే అయినా, గంజాం భూముల శిస్తు విషయంలో సెర్షియోరరీ (కింది అధికారి నిర్ణయాన్ని తెప్పించి రద్దుచేసే రిట్టు) జారీచేసే అధికారం మద్రాసు హైకోర్టుకు లేదన్నది ఆ తీర్పు. ఆ అధికారం పాత మద్రాసు సుప్రీంకోర్టుకు 1800 నాటి రాజాధికారపత్రం (చార్టర్) ఇచ్చినది. హైకోర్టుకు వారసత్వంగా వచ్చినా అది ప్రధానంగా నగరం ఎల్లలలోనే మిగిలింది. 1950 నుంచి మన రాజ్యాంగం 226వ అధికరణం ఆ ఎల్లను చెరిపివేసి, మారుమూల రైతుకు కూడా హైకోర్టు తలుపు తెరిచింది.

చట్టబద్ధ పాలన అన్న తెలుగు మాట రెండు వేర్వేరు భావనలను కప్పివేస్తుంది. ఇంగ్లీషు న్యాయశాస్త్రవేత్త డైసీ 1885లో వివరించిన ఇంగ్లీషు భావనలో అధికారి అయినా సామాన్యుడయినా ఒకే సాధారణ కోర్టుకు జవాబు చెప్పాలి, అయితే పార్లమెంటు చేసిన చట్టాన్ని ఏ కోర్టూ కొట్టివేయదు. జర్మనుల రెష్ట్స్‌ష్టాట్‌లో రాజ్యమే చట్టానికి లోబడినది: 1949 నాటి మూలచట్టం (జర్మనీ రాజ్యాంగం) 20వ అధికరణం శాసనసభను రాజ్యాంగ క్రమానికి, కార్యనిర్వాహక, న్యాయవ్యవస్థలను చట్టానికీ ధర్మానికీ కట్టివేసింది. చట్టం, ధర్మం అని అక్కడ రెండు మాటలు ఎందుకున్నాయో హిట్లరు కాలపు చట్టాలను గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది. అదే మూలచట్టంలో కొన్ని సూత్రాలను సవరణతో కూడా తాకరాదని 79వ అధికరణం చెబుతుంది. 1973 నాటి కేశవానంద భారతి తీర్పులోని మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని (రాజ్యాంగపు మూల లక్షణాలను సవరణతో కూడా చెరపరాదన్నది) దీని పక్కన పెట్టి చదవండి. మీ వ్యాసానికి అసలు బలం అక్కడ వస్తుందని నా అభిప్రాయం.

ఆధారాల కోసం ముందుగా, ఏ దేశపు చట్టాన్ని ఎక్కడ వెతకాలో చెప్పే ఇంటర్నెట్ సైటు గ్లోబలెక్స్‌లోని ఆ దేశపు మార్గదర్శిని చదివి, తరువాత ఫ్రాన్సు చట్టాలకు లెజీఫ్రాన్స్, బ్రిటను తీర్పులకు బెయిలీ అనే సైట్లు చూడండి. జర్మను మూలచట్టానికి ఇంగ్లీషు అనువాదం ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది. అనువాదానికి చట్టబలం ఉండదు కనుక కీలకమైన వాక్యం దగ్గర మూలభాషలోని పదాన్ని కూడా రాసి పెట్టుకోండి. గారబంధ తీర్పు ప్రతి నా దగ్గర ఉంది. పర్లాకిమిడి వైపు వస్తే కోర్టు పనివేళలలో వచ్చి చూసుకోవచ్చు.