ఐరన్ మాత్రలు వాడినా రక్తం పెరగడం లేదు... ఎందుకు?

ప్రశ్న: నా వయసు 26. ఇప్పుడు పదో వారం గర్భం. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 10 దాటడం లేదు. ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష చేయిస్తే ‘హెచ్‌బీ ఏ2 5.4 శాతం, బీటా తలసేమియా ట్రెయిట్’ అని వచ్చింది. మావారినీ పరీక్ష చేయించుకోమన్నారు. ఆయనకు రక్తం బాగానే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీకు జబ్బు లేదమ్మా. తలసేమియా అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు. దాని జన్యువు ఒకటి మీలో ఉంది, అంతే. దీన్నే ట్రెయిట్ అంటాం. ఐరన్ మింగినా రక్తం పెరగకపోవడానికి కారణం ఇదే కావచ్చు. మీ పాత సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు ఒకసారి తీసి చూడండి. ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) అని ఉన్నచోట 80 కంటే బాగా తక్కువ ఉండి, ఎర్రకణాల సంఖ్య మాత్రం తగ్గకుండా ఉంటుంది. కణాలు చిన్నవి, కానీ బోలెడు. ఐరన్ లోపంలో సాధారణంగా ఇలా ఉండదు.

ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎర్రకణాలను పగలగొట్టి, బయటికొచ్చిన హిమోగ్లోబిన్‌ను జెల్ మీద ఉంచి కరెంటు పెడతారు. ఒక్కో రకానిది ఒక్కో విద్యుదావేశం కాబట్టి ఒక్కోటి ఒక్కో వేగంతో కదులుతుంది. మామూలు ‘ఏ’ రకం ముందు పోతుంది, సికిల్ సెల్‌కు కారణమైన ‘ఎస్’ వెనకపడుతుంది, ‘ఏ2’ ఇంకా వెనకే ఉండిపోతుంది. 1949లో అమెరికా శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం సికిల్ సెల్ గుట్టు విప్పింది ఇలాగే. ఇప్పుడు చాలా ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఈ పని చేస్తోంది. ఏ2 సుమారు 3.5 శాతం దాటితే బీటా ట్రెయిట్‌గా భావిస్తాం.

అసలు సంగతి మీవారి పరీక్ష. రక్తం బాగుందని ఆగొద్దు, ట్రెయిట్ ఉన్నవాళ్లు చాలామంది పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఈ మూడు నెలల్లో ఆయనకు రక్తం ఎక్కించి ఉంటే ల్యాబులో ముందే చెప్పాలి. లేకపోతే దాత హిమోగ్లోబిన్ కూడా కలిసి ఫలితం తారుమారవుతుంది. ఐరన్ లోపం ఉన్నా ఏ2 తక్కువ చూపించొచ్చు, అందుకే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే పరీక్ష) కూడా చూడమనండి. ఆయనకు ఏమీ లేకపోతే బిడ్డకు మహా అయితే మీలాగే ట్రెయిట్ వస్తుంది. ఆయనకూ బీటా ట్రెయిట్ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసేమియా మేజర్, అంటే తరచూ రక్తం ఎక్కించాల్సిన తీవ్రమైన జబ్బు, వచ్చే భయం 25 శాతం ఉంటుంది. ఆయన పరీక్షలో ‘ఎస్’ గానీ, ‘ఈ’ (E) అనే మరో హిమోగ్లోబిన్ రకం గానీ బయటపడినా తేలిగ్గా తీసుకోకూడదు.

ఆయనకూ ఇలాంటిది ఉందని తేలితే మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ జన్యువులు పరీక్షిస్తారు. దానికి సాధారణంగా 10 నుంచి 13 వారాలే సరైన సమయం. అందుకే తొందర, ఈ వారంలోనే ఆయన రక్తం ఇవ్వాలి. ఐరన్ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, మీ ఫెరిటిన్ చూసి డాక్టరే చెబుతారు. ఫోలిక్ యాసిడ్ మాత్రం మానొద్దు.